బ్లాక్‌చైన్ పట్టికలో ఆ మూడు అంకెలు ఎలా పుట్టాయి?

సంపాదకులకు నమస్కారం.

తెలుగు పత్రికల వాణిజ్య పేజీల్లోనూ, ఉద్యోగార్థుల అనుబంధాల్లోనూ బ్లాక్‌చైన్ (లావాదేవీలను బ్లాకులుగా గొలుసుకట్టి అనేక కంప్యూటర్లలో ఉంచే ఉమ్మడి ఖాతా పుస్తకం) నెట్‌వర్క్‌లను పోల్చే పట్టికలు తరచూ వస్తున్నాయి. ఎడమవైపు బిట్‌కాయిన్, ఇథీరియం, సొలానా, బీఎన్‌బీ చైన్, పాలిగాన్ వంటి పేర్లుంటాయి. పైన మూడు శీర్షికలు: సెకనుకు లావాదేవీలు, నోడ్ల (ఆ ఖాతా ప్రతిని ఉంచుకునే కంప్యూటర్ల) సంఖ్య, డెవలపర్ల సంఖ్య. మొదటిది స్కేలబిలిటీకి (ఎక్కువ భారం మోయగల సామర్థ్యానికి), రెండోది వికేంద్రీకరణకు, మూడోది డెవలపర్ల చురుకుదనానికి కొలమానమని పాఠకుడు అనుకుంటాడు. నిజానికి ఈ మూడింటిలో ఏదీ అలా అనుకున్నదాన్ని కొలవదు. ఎక్కువగా ఆయా నెట్‌వర్క్‌ల ప్రచార విభాగాలు ఇచ్చిన అంకెలే ఒకదాని పక్కన ఒకటి చేరుతున్నాయి. వీటి మీద పనిచేసే ఇంజినీర్లుగా, ఆ అంకెలను ఎవరైనా సొంతంగా ఎలా సరిచూసుకోవచ్చో, ఎక్కడ మోసపోయే అవకాశముందో రాస్తున్నాం.

సెకనుకు లావాదేవీల లెక్కతో మొదలుపెడదాం. బిట్‌కాయిన్ గురించి అందరూ రాసే అంకె 7. అది ఎలా వచ్చింది? బ్లాకు సుమారు 10 నిమిషాలకు ఒకటి వస్తుంది. 2017 ఆగస్టులో సెగ్‌విట్ అనే మార్పు వచ్చాక బ్లాకు గరిష్ఠ పరిమాణాన్ని 10 లక్షల వర్చువల్ బైట్లుగా లెక్కిస్తున్నారు. లావాదేవీ సగటున 250 బైట్లనుకుంటే బ్లాకులో 4,000 పడతాయి, 600 సెకన్లతో భాగిస్తే 6.7. అదే ఒక ఇన్‌పుట్ (డబ్బు వచ్చే మూలం), రెండు ఔట్‌పుట్లు (డబ్బు చేరే చోట్లు) ఉన్న కొత్త తరహా లావాదేవీ తీసుకుంటే సుమారు 141 బైట్లే, అప్పుడు సమాధానం దాదాపు 12. ఇక ఒక ఎక్స్ఛేంజీ వంద మంది ఖాతాదారులకు ఒకే లావాదేవీలో చెల్లింపు చేస్తే, ఒక్కో అదనపు ఔట్‌పుట్‌కు సుమారు 31 బైట్లు మాత్రమే పడతాయి. చెల్లింపులు వంద జరిగినా లావాదేవీ ఒకటిగానే లెక్కకెక్కుతుంది. అంటే 7 అనే అంకె బిట్‌కాయిన్‌ను కొంత తక్కువ చేసి చూపిస్తుంది.

ఇథీరియంలో లెక్క బైట్లలో కాదు, గ్యాస్‌లో, అంటే లావాదేవీకి పట్టే గణన పని కొలమానంలో. 2025 చివరికి బ్లాకు గరిష్ఠ పరిమితి 6 కోట్ల గ్యాస్, బ్లాకు 12 సెకన్లకు ఒకటి. మామూలుగా ఈథర్ (ఇథీరియం నాణెం) పంపడానికి 21,000 గ్యాస్ పడుతుంది. 6 కోట్లను 21,000తో, ఆపై 12తో భాగిస్తే సెకనుకు 238. కొందరు ఇక్కడే ఆగి ఆ అంకె రాసేస్తారు. కానీ 2021 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న ఫీజు విధానంలో లక్ష్యం గరిష్ఠంలో సగమే. బ్లాకులు ఆ సగాన్ని మించి నిండుతుంటే కనీస ఫీజు బ్లాకుకు 12.5 శాతం వరకు పెరుగుతుంది. వరసగా 20 బ్లాకులు, అంటే 4 నిమిషాలు, పూర్తిగా నిండితే ఫీజు పదింతలు దాటుతుంది. కాబట్టి నిలకడగా నడిచే వేగం 119. అదీ అందరూ ఈథర్ మాత్రమే పంపుకుంటే. యూఎస్‌డీసీ లాంటి డాలరుతో ముడిపెట్టిన టోకెన్ బదిలీకి సుమారు 65,000 గ్యాస్ అనుకుంటే 38కి, టోకెన్ల మార్పిడికి 1,50,000 అనుకుంటే 17కి పడిపోతుంది. ఒకే నెట్‌వర్క్, ఒకే రోజు. 238 నుంచి 17 వరకు ఏ అంకె రాసినా అబద్ధం కాదు. ఏ రకం లావాదేవీనో చెప్పకపోవడమే తప్పు.

సొలానా వేగం నిజంగానే ఎక్కువ, అందులో సందేహం లేదు. కాకపోతే అక్కడ వ్యాలిడేటర్లు (బ్లాకులను సరిచూసి ఆమోదించేవారు) బ్లాకుపై వేసే ఓటు కూడా ఒక లావాదేవీగానే నమోదవుతూ వచ్చింది. స్లాట్, అంటే ఒక బ్లాకుకు కేటాయించిన సమయం, 400 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు రెండున్నర స్లాట్లు. వెయ్యి మంది వ్యాలిడేటర్లు ప్రతి స్లాట్‌కూ ఓటేస్తే సెకనుకు 2,500 లావాదేవీలు ఓట్లే. గొలుసులోని లావాదేవీలను చూపే ఎక్స్‌ప్లోరర్ పేజీ పైన మెరిసే 3,000, 4,000 అంకెల్లో అధిక భాగం ఇదే. విడదీయడం కష్టమేమీ కాదు. నోడ్‌ను ప్రశ్నించే మార్గమైన ఆర్‌పీసీలో గెట్‌రీసెంట్‌పెర్ఫార్మెన్స్‌శాంపిల్స్ అనే పిలుపు 60 సెకన్ల నమూనాలు ఇస్తుంది, అందులో మొత్తం లావాదేవీలు ఒక గడిలో, ఓటు కానివి మరో గడిలో ఉంటాయి. రెండో గడిని 60తో భాగించండి. వచ్చిన అంకెలోనూ విఫలమైన లావాదేవీలు కలిసే ఉంటాయి. 2024 ఏప్రిల్‌లో లాభాల వేటలో బాట్లు (తమంతట తాము నడిచే ప్రోగ్రాములు) విరుచుకుపడినప్పుడు ఓటు కాని లావాదేవీల్లో సగానికి పైగా విఫలమయ్యాయి. అవీ ఫీజు కట్టి బ్లాకులోకి ఎక్కినవే కాబట్టి లెక్కలో చేరిపోయాయి. వినియోగదారుకు పనికొచ్చేది ఓటు కాని, సఫలమైన లావాదేవీల లెక్క ఒక్కటే.

వేగంతో పాటు అడగాల్సిన మరో ప్రశ్న, లావాదేవీ వెనక్కి పోదని ఎప్పుడు నమ్మవచ్చు అన్నది. దీన్ని ఫైనాలిటీ అంటారు. పట్టికల్లో దీనికి గడే ఉండదు. బిట్‌కాయిన్‌లో పెద్ద మొత్తాలకు ఆనవాయితీగా 6 బ్లాకులు, అంటే గంట ఆగుతారు. ఇథీరియంలో 32 స్లాట్లు ఒక ఎపోక్, రెండు ఎపోక్‌లు గడవాలంటే 12.8 నిమిషాలు. సొలానాలో పాత పద్ధతి ప్రకారం 32 స్లాట్లు, అంటే 12.8 సెకన్లు. ఈ తేడా వినియోగదారుకు టీపీఎస్ (సెకనుకు లావాదేవీలు) కంటే ఎక్కువ తెలుస్తుంది. 2023 ఫిబ్రవరిలో పాలిగాన్‌లో 157 బ్లాకులు ఒకేసారి వెనక్కి మారాయి. రెండు సెకన్లకో బ్లాకు చొప్పున అది ఐదు నిమిషాల చరిత్ర. ఆ ఐదు నిమిషాల్లో పది బ్లాకులు చూసి సరుకు ఇచ్చేసిన వ్యాపారికి సెకనుకు ఎన్ని లావాదేవీలన్న లెక్క ఏం చేసుకోవడానికి?

యూపీఐతో పోలికలు కూడా కనిపిస్తుంటాయి. 2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు తొలిసారి నెలకు 2,000 కోట్లు దాటాయి, సగటున సెకనుకు సుమారు 7,500. అది బ్యాంకులను కలిపే కేంద్రీకృత స్విచ్. ప్రపంచమంతా వేల యంత్రాలు ప్రతి లావాదేవీనీ మళ్లీ లెక్కచేసి ఒప్పుకోవాల్సిన పని అక్కడ లేదు. రెంటినీ ఒకే నిలువు గడిలో పెట్టకపోతే మంచిది.

ఇప్పుడు వికేంద్రీకరణ. అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

నోడ్ల సంఖ్య చూసి నిర్ణయించేవారు ముందు గమనించాల్సింది, నోడ్ వేరు, బ్లాకులపై ఓటున్న వ్యాలిడేటర్ వేరు, వ్యాలిడేటర్ల వెనకున్న యజమాని వేరు అన్నది. ఇథీరియంలో వ్యాలిడేటర్లు పది లక్షల ప్రాంతంలో ఉంటారని రాస్తారు. అది 32 ఈథర్ చొప్పున పెట్టిన వాటాల లెక్క. ఒకే కంపెనీ ఒకే గదిలో పదివేల వ్యాలిడేటర్లు నడపవచ్చు. 2025 మే 7న వచ్చిన పెక్ట్రా మార్పుతో ఒక్కో వ్యాలిడేటర్ 2,048 ఈథర్ వరకు పెట్టుకునే వీలొచ్చింది. పెద్ద సంస్థలు పాత వాటాలను కలిపేసుకుంటే పట్టికలో సంఖ్య తగ్గుతుంది, వికేంద్రీకరణ మాత్రం వీసమెత్తు మారదు.

2017లో బాలాజీ శ్రీనివాసన్, లీలాండ్ లీ ప్రతిపాదించిన నకమోటో కోఎఫిషెంట్ దీనికంటే మేలైన కొలత. లెక్క సులువే. వ్యాలిడేటర్లను యజమానుల వారీగా కలపండి. వాటాలను పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరసపెట్టండి. పైనుంచి కూడుకుంటూ వచ్చి, ఇథీరియం, సొలానా వంటి స్టేకింగ్ (నాణేలను పూచీగా పెట్టి ఓటు పొందే) నెట్‌వర్క్‌లలో మొత్తం మూడో వంతు దాటేసరికి ఎంతమంది అయ్యారో చూడండి. నెట్‌వర్క్‌ను ఆపేయడానికి అంతమంది కూడబలుక్కుంటే చాలు. బిట్‌కాయిన్‌లో గీత సగం దగ్గర. అక్కడ మైనింగ్ పూల్స్ (బ్లాకులు తయారుచేసే మైనర్లు తమ యంత్రాల శక్తిని కలిపే బృందాలు) లెక్కన చూస్తే ఫౌండ్రీ, యాంట్‌పూల్ రెండూ కలిసే చాలాసార్లు సగానికి చేరుకున్నాయి. సొలానాలో ఈ లెక్క సుమారు 20గా కనిపిస్తూ వచ్చింది. అయితే సొలానా బిట్‌కాయిన్ కంటే పదింతలు వికేంద్రీకృతమా? కాదు. బిట్‌కాయిన్ పూల్‌లో యంత్రం మైనర్‌దే, పూల్ నచ్చకపోతే సెట్టింగ్ మార్చి నిమిషాల్లో వేరే పూల్‌కు పోవచ్చు. స్టేక్ చేసిన నాణేలను కదపాలంటే రోజులు పడుతుంది. ఈ గుణకాన్ని వేర్వేరు నెట్‌వర్క్‌ల మధ్య కాక, ఒకే నెట్‌వర్క్‌లో నిరుటికీ ఇప్పటికీ మధ్య పోల్చడమే సరైన వాడకం అని మా అభిప్రాయం.

పైగా యజమాని వారీగా ఒక్కసారి లెక్కగట్టి ఊరుకుంటే చాలదు. అదే వరసను డేటా సెంటర్ కంపెనీ వారీగా, దేశం వారీగా, నడుపుతున్న సాఫ్ట్‌వేర్ వారీగా మళ్లీ వేయాలి. నాలుగింటిలో ఏది తక్కువైతే అదే అసలు అంకె. 2022 నవంబరులో జర్మనీకి చెందిన హెట్జ్‌నర్ అనే హోస్టింగ్ కంపెనీ తన నిబంధనలు చూపి సొలానా వ్యాలిడేటర్లను ఒక్కసారిగా ఆపేసింది. సుమారు వెయ్యి వ్యాలిడేటర్లు, మొత్తం స్టేక్‌లో ఐదో వంతుకు పైగా, మాయమయ్యాయి. మూడో వంతు గీతకు ఇంకా దూరం ఉంది కాబట్టి నెట్‌వర్క్ ఆగలేదు. యజమానుల లెక్కలో ఆ వెయ్యీ వేర్వేరు పేర్లు. సర్వర్లు ఎక్కడున్నాయన్న లెక్కలో ఒక్క పేరు.

సాఫ్ట్‌వేర్ విషయం ఇంకా ముఖ్యం. 2024 జనవరిలో ఇథీరియంలో నెదర్‌మైండ్ అనే క్లయింట్ (నోడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్)లో లోపం వల్ల దాన్ని వాడుతున్న వ్యాలిడేటర్లు బ్లాకులను సరిచూడలేక నిలిచిపోయారు. ఆ క్లయింట్ వాటా పది శాతంలోపే కాబట్టి గొలుసు సాగింది. అప్పట్లో గెత్ అనే క్లయింట్ వాటా మూడింట రెండొంతులకు మించి ఉండేది. అదే తరహా లోపం గెత్‌లో వచ్చి ఉంటే ఫైనాలిటీ ఆగిపోయేది. తప్పుడు బ్లాకును సరైనదిగా ఒప్పుకునే రకం లోపమైతే ఆ తప్పే ఖాయమయ్యేది. అంతకుముందు 2023 మే 11, 12 తేదీల్లో ప్రిజం, టెకు క్లయింట్లపై భారం పడి ఇథీరియంలో ఫైనాలిటీ కొద్దిసేపు నిలిచింది. భారం తట్టుకున్న మిగతా క్లయింట్ల వల్ల బ్లాకులు మాత్రం వస్తూనే ఉన్నాయి. సొలానాలో చాలాకాలం ఒకే మూల కోడ్‌పై ఆధారపడిన క్లయింట్లే ఉండేవి. 2024 ఫిబ్రవరి 6న లోపం బయటపడినప్పుడు నెట్‌వర్క్ మొత్తం సుమారు 5 గంటలు ఆగింది. 2021 సెప్టెంబరు 14న ఒక టోకెన్ అమ్మకంపై బాట్లు ఎగబడి దాదాపు 17 గంటలు ఆగింది. జంప్ సంస్థ ఫైర్‌డాన్సర్ పేరుతో వేరే క్లయింట్‌ను మొదటి నుంచి రాయడానికి కారణాల్లో ఇదొకటి. పట్టికలో ఒకే ఒక అదనపు గడి పెట్టే చోటుంటే మేం అడిగేది ఇదే: స్వతంత్రంగా రాసిన క్లయింట్లు ఎన్ని, అతిపెద్దదాని వాటా ఎంత?

నోడ్ నడపడానికి ఏం కావాలన్నది కూడా వికేంద్రీకరణలో భాగమే. బిట్‌కాయిన్ పూర్తి నోడ్‌కు మామూలు కంప్యూటర్, 1 టెరాబైట్ ఎస్‌ఎస్‌డీ సరిపోతాయి. చోటు లేకపోతే పాత బ్లాకులను కత్తిరించే ప్రూనింగ్ ఉంది. ఇథీరియంకు 32 జీబీ మెమరీ, కనీసం 2 టెరాబైట్ల, వీలైతే 4 టెరాబైట్ల ఎన్‌వీఎంఈ (వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ) డిస్కు. ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినేది డిస్కు దగ్గరే. లోపల డీర్యామ్ లేని, క్యూఎల్‌సీ రకం చౌక ఎస్‌ఎస్‌డీ కొంటే సింక్ కొంతదూరం పోయి, ఆపై కొత్త బ్లాకులు వచ్చే వేగాన్ని ఎప్పటికీ అందుకోలేదు. ప్రకటనలో రాసే వేగం పెద్ద ఫైళ్లది, నోడ్‌కు కావాల్సింది చెల్లాచెదురుగా చిన్న ముక్కలు చదివే వేగం. మన ఊళ్లలో ఇంటి ఫైబర్ కనెక్షన్లకు మరో చిక్కుంది. చాలా సంస్థలు ఒకే పబ్లిక్ చిరునామాను అనేక ఇళ్లకు పంచుతాయి. బయటివాళ్లు మీ నోడ్‌ను చేరలేరు, మీరు మాత్రమే బయటికి చేరగలరు. నోడ్ నడుస్తుంది గానీ, నోడ్లను వెతికి లెక్కించే క్రాలర్ల జాబితాలో కనిపించదు. నోడ్ల సంఖ్య ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కోలా ఉండటానికి ఇదో కారణం. ఇథీరియం వ్యాలిడేటర్ నడిపేవారిలో, కరెంటు పోతుందేమోనని భయపడి, సంతకానికి వాడే అవే రహస్య కీలతో రెండో యంత్రాన్ని సిద్ధంగా నడిపేవాళ్లున్నారు. ఆ పని చేయవద్దు. యంత్రం ఆగితే పోయేది సుమారుగా ఆ సమయంలో వచ్చే రాబడే. రెండు యంత్రాలు ఒకే కీతో వేర్వేరు సంతకాలు పెడితే స్లాషింగ్, అంటే అసలుకే కోత.

సొలానా వ్యాలిడేటర్‌కు 12 లేదా ఎక్కువ కోర్ల ప్రాసెసర్, 256 జీబీ లేదా ఎక్కువ మెమరీ, డేటా సెంటర్ స్థాయి ఇంటర్నెట్ కావాలి. అంతకంటే భారం ఓటు ఖర్చు. రోజుకు 2,16,000 స్లాట్లు, ఓటుకు 0.000005 సోల్ (సొలానా నాణెం), అంటే రోజుకు 1.08 సోల్, ఏడాదికి సుమారు 394. స్టేక్‌పై రాబడి 7 శాతం, వ్యాలిడేటర్ కమిషన్ 5 శాతం అనుకుంటే, ఒక్క ఓట్ల ఖర్చే గిట్టాలన్నా సుమారు 1,12,000 సోల్ మీ దగ్గర స్టేక్ అయి ఉండాలి. ఇతర ఫీజులు కొంత ఆదుకుంటాయి. కానీ సొలానా ఫౌండేషన్ ఇచ్చే స్టేక్ లేకపోతే చిన్నవాళ్లు నిలవలేకపోవడానికి మూలం ఈ లెక్కలో ఉంది. ఓట్లను గొలుసు నుంచి తీసేసే మార్పు పూర్తిగా అమలైతే ఈ పేరా తిరగరాయాల్సి ఉంటుంది, పైనున్న టీపీఎస్ లెక్క కూడా.

సంతకాలు ఎన్ని చేతుల్లో ఉన్నాయో చూడకపోతే ఏమవుతుందో రోనిన్ బ్రిడ్జి (గొలుసుల మధ్య నాణేలను దాటించే వంతెన) చెబుతుంది. అక్కడ 9 మంది వ్యాలిడేటర్లలో 5 సంతకాలు చాలు. నాలుగు కీలు ఒకే కంపెనీవి. ఐదోది 2021 నవంబరులో తాత్కాలికంగా ఇచ్చిన అనుమతి, డిసెంబరులో పని ముగిసినా రద్దు చేయలేదు. 2022 మార్చి 23న 1,73,600 ఈథర్, 2.55 కోట్ల యూఎస్‌డీసీ దొంగల పాలయ్యాయి. ఒక వినియోగదారు 5,000 ఈథర్ వెనక్కి తీసుకోబోతే రాకపోవడంతో 6 రోజుల తర్వాత బయటపడింది. పట్టికలో దాని అంకె 9. అసలు అంకె రెండు సంస్థలు. బీఎన్‌బీ చైన్‌లో 2022 అక్టోబరులో బ్రిడ్జి లోపం ద్వారా హ్యాకర్ 20 లక్షల బీఎన్‌బీ నాణేలు సృష్టించుకున్నప్పుడు, చురుకుగా ఉన్న 26 మంది వ్యాలిడేటర్లను విడివిడిగా సంప్రదించి గొలుసునే ఆపారు. దానివల్ల చాలా సొమ్ము బయటికి పోకుండా ఆగింది, మంచిదే. అలా ఆపగలిగారంటే ఆ నెట్‌వర్క్‌ను ఏ వరసలో పెట్టాలో పాఠకుడికి చెప్పాలి.

ఇథీరియం మీద నడిచే రెండో అంచె నెట్‌వర్క్‌లు, అంటే ఆర్బిట్రమ్, బేస్, ఆప్టిమిజం వంటి రోలప్‌లు (లావాదేవీలను విడిగా నడిపి, వాటి డేటాను ఇథీరియంలో జమచేసేవి), పట్టికల్లో స్వతంత్ర నెట్‌వర్క్‌లుగా కనిపిస్తాయి. వాటి వేగానికి పైకప్పు ఇథీరియం దగ్గరుంది. రోలప్‌లు తమ డేటాను బ్లాబ్ అనే 128 కిలోబైట్ల పొట్లాల్లో అక్కడ జమచేస్తాయి. 2024 మార్చి 13న డెన్‌కున్ అనే మార్పుతో బ్లాకుకు లక్ష్యం 3 బ్లాబ్‌లు. పెక్ట్రాతో 6. ఆరు లెక్కన సెకనుకు 64 కిలోబైట్లు. కుదించిన లావాదేవీ 100 బైట్లనుకుంటే అన్ని రోలప్‌లూ కలిపి సుమారు 650. ఒక్కో రోలప్ తన కరపత్రంలో వేలల్లో రాసుకున్నది ఈ ఉమ్మడి వాటాలోంచే. 2025 డిసెంబరులో వచ్చిన ఫుసాకా మార్పు తర్వాత ఈ లక్ష్యాన్ని దశలవారీగా పెంచుతున్నారు కాబట్టి ఈ లెక్క వేసేటప్పుడు తేదీ తప్పనిసరి. ఇక వికేంద్రీకరణ దగ్గర, వీటిలో ఎక్కువవాటికి లావాదేవీలను వరసపెట్టే సీక్వెన్సర్ ఒక్కటే. ఆర్బిట్రమ్ సీక్వెన్సర్ 2023 డిసెంబరు 15న గంటకు పైగా ఆగింది. సీక్వెన్సర్ మిమ్మల్ని పట్టించుకోకపోతే ఇథీరియం ద్వారా నేరుగా లావాదేవీ చొప్పించే దారి ఉందా, ఉంటే ఎన్ని గంటలు ఆగాలి, రోలప్ కాంట్రాక్టును (గొలుసుపై నడిచే ప్రోగ్రామును) మార్చే అధికారం ఎన్ని సంతకాలది అన్న మూడు ప్రశ్నలు వేయాలి. ఎల్‌2బీట్ అనే సైట్ స్టేజ్ 0, 1, 2 అని ఇచ్చే శ్రేణి ఇవే చూస్తుంది. నోడ్ల సంఖ్య బదులు ఆ శ్రేణి వేస్తే చాలు.

డెవలపర్ల సంఖ్యకు వద్దాం. ఎక్కువమంది ఉదహరించేది ఎలక్ట్రిక్ క్యాపిటల్ సంస్థ ఏటా ఇచ్చే నివేదిక. 2024 నవంబరుకు నెలవారీ చురుకైన డెవలపర్లు సుమారు 23,600 అనీ, ఆ ఏడాది కొత్తగా చేరినవారిలో సొలానాకు 7,625 మందితో మొదటి స్థానమనీ, కొత్తవాళ్లలో భారతదేశం వాటా 17 శాతంతో అన్ని దేశాల కంటే ఎక్కువనీ అందులో ఉంది. మంచి నివేదికే. అది కొలిచేదేమిటో మాత్రం తెలియాలి. కోడ్ ఉంచే సైట్ గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉన్న కోడ్‌లోకి వెళ్లిన కమిట్లే (నమోదైన మార్పులే) లెక్క. నెలలో 10 లేదా అంతకు మించిన రోజులు కమిట్ చేసినవారు పూర్తికాల డెవలపర్లు. బ్యాంకుల్లో, ప్రభుత్వ శాఖల్లో మూసిన రిపాజిటరీల్లో (కోడ్ నిల్వల్లో) జరిగే పని అందులో కనిపించదు. హైదరాబాద్‌లోని ఐటీ కంపెనీల్లో హైపర్‌లెడ్జర్ (సంస్థలు తమలో తాము వాడుకునే బ్లాక్‌చైన్ల సాఫ్ట్‌వేర్) మీద పనిచేసే ఇంజినీర్ ఆ నివేదిక దృష్టిలో లేడు. మరోవైపు సాలిడిటీ అనే భాషలో రాసిన ఒకే కాంట్రాక్టును ఇథీరియంలో, పాలిగాన్‌లో, బేస్‌లో, బీఎన్‌బీ చైన్‌లో పెట్టవచ్చు. అలాంటివారు దాదాపు మూడో వంతు ఉంటారని అదే నివేదిక చెబుతుంది. నెట్‌వర్క్‌ల సంఖ్యలన్నీ కూడితే వాళ్లను రెండు మూడుసార్లు లెక్కించినట్టే.

ఇంకో బెడద కృత్రిమ కమిట్లు. బహిరంగ కోడ్‌కు తోడ్పడమని ప్రోత్సహించే హాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో ఉచిత టీషర్టు కోసం రీడ్‌మీ (పరిచయ) ఫైళ్లలో ఒక మాట చేర్చి పంపిన మార్పు అభ్యర్థనలు ఎంతగా వెల్లువెత్తాయంటే, నిర్వాహకులు మధ్యలోనే నియమాలు మార్చారు. మన దేశం నుంచి కూడా చాలా వెళ్లాయి. 2023 అక్టోబరులో సెలెస్టియా, 2024 ఫిబ్రవరిలో స్టార్క్‌నెట్ నెట్‌వర్క్‌లు గిట్‌హబ్ ఖాతాల ఆధారంగానూ టోకెన్లు పంచాక టీషర్టు స్థానంలో డబ్బే వచ్చింది. కమిట్ల సంఖ్య నమ్మదగింది కాకుండా పోవడానికి అంతకంటే ఏం కావాలి?

సొంతంగా చూడాలంటే నెట్‌వర్క్ ప్రధాన క్లయింట్ రిపాజిటరీని తీసుకుని, ఎవరు ఎన్ని కమిట్లు చేశారో చూపే గిట్ షార్ట్‌లాగ్ ఆదేశాన్ని, శాఖలను కలిపే మెర్జ్ కమిట్లు వదిలేసి, గత 12 నెలలకు పరిమితం చేసి నడపండి. డిపెండబాట్ లాంటి బాట్లను, డాక్యుమెంట్ ఫోల్డర్‌ను తీసేయండి. పైనుంచి ఎంతమంది కలిసి సగం కమిట్లు చేశారో చూడండి. ఇద్దరు ముగ్గురే అయితే, మొత్తం డెవలపర్లు వేలల్లో ఉన్నారన్న మాటకు విలువ లేదు. ఇందులో ఒక మెలిక ఉంది: కొన్ని బృందాలు వందల మార్పులను కలిపి ఒకే కమిట్‌గా నొక్కేస్తాయి, కాబట్టి అలవాటు వేరైన రెండు రిపాజిటరీలను కమిట్ల సంఖ్యతో పోల్చకూడదు, మనుషుల సంఖ్యతో పోల్చాలి. ఆ తర్వాత, మార్పులను ప్రధాన కోడ్‌లో చేర్చే హక్కు ఎంతమందికి ఉందో చూడండి. బిట్‌కాయిన్ కోర్‌లో వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయినా వాళ్లు ఇష్టారాజ్యంగా నియమాలు మార్చలేరు, ఎందుకంటే కొత్త వెర్షన్ ఎక్కించుకోవాలా వద్దా అన్నది నోడ్ నడిపేవారి చేతిలో ఉంది.

ఉద్యోగార్థుల అనుబంధాలు చదివే విద్యార్థులకు ఒక్క మాట. కొత్త డెవలపర్ల సంఖ్య ధర వెంట పరుగెత్తుతుంది. ఆ నివేదికల ప్రకారమే కమిట్లలో ఎక్కువ భాగం రెండేళ్లకు పైబడి ఉన్నవారివి. ఏ గొలుసు గెలుస్తుందో ఊహించి దాని భాష నేర్చుకోవడం కంటే, ఎక్కువ గొలుసుల్లో చెల్లే సాలిడిటీ, గొలుసులు పోయినా పనికొచ్చే రస్ట్ నేర్చుకుని, రీఎంట్రన్సీ (పని ముగియకముందే కాంట్రాక్టును మళ్లీ పిలవనివ్వడం) వంటి లోపాలను పట్టే ఆడిటింగ్ మీద సమయం పెట్టడం మేలు.

చివరగా, ప్రభుత్వ నెట్‌వర్క్‌లు. 2024 సెప్టెంబరు 4న కేంద్రం విశ్వస్య పేరుతో జాతీయ బ్లాక్‌చైన్ వేదికను ప్రారంభించింది. అది కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీకి భువనేశ్వర్, పుణే, హైదరాబాద్‌లలో ఉన్న డేటా సెంటర్ల నుంచి నడుస్తుంది. అంతకుముందే తెలంగాణలో చిట్‌ఫండ్ల నమోదుకు టీ-చిట్స్ వచ్చింది. ఇలాంటి అనుమతి ఆధారిత నెట్‌వర్క్‌లను బిట్‌కాయిన్ పక్కన పెట్టి టీపీఎస్ పోల్చడం సరికాదు. విశ్వస్య నడిచే స్థలాలు 3, నిర్వహించే సంస్థ మాత్రం 1. సర్టిఫికెట్లు తారుమారు కాకుండా చూడటానికి అది చాలవచ్చు. ఆ సంస్థనే అనుమానించాల్సిన పరిస్థితికి మాత్రం చాలదు. టెండరు రాసే అధికారులు ఈ తేడా ముందే రాసుకోవాలి.

హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ వంటి వాటిలో చూడాల్సినవి వేరు. రాఫ్ట్ అనే ఏకాభిప్రాయ పద్ధతిలో, లావాదేవీలను వరసపెట్టే ఆర్డరర్ నోడ్లు మూడుంటే ఒకటి పోయినా నడుస్తుంది, ఐదుంటే రెండు పోయినా నడుస్తుంది. నాలుగు పెట్టినా తట్టుకునేది ఒక్కటినే, డబ్బు దండగ. రాఫ్ట్ యంత్రం ఆగిపోవడాన్ని తట్టుకుంటుంది, యంత్రం అబద్ధమాడటాన్ని తట్టుకోదు. దానికి 2024లో వచ్చిన ఫ్యాబ్రిక్ 3.0లోని, అబద్ధాన్నీ తట్టుకునే బీఎఫ్‌టీ పద్ధతి వాడాలి, ఒక దొంగ నోడ్‌కు కనీసం నాలుగు ఆర్డరర్లు కావాలి. 2018 పరిశోధన పత్రంలో ఫ్యాబ్రిక్ సెకనుకు 3,500 దాటింది. ఆ అంకె చూసి కట్టిన వ్యవస్థలు పదుల దగ్గరే చతికిలబడటానికి సాధారణ కారణం ఎంవీసీసీ రీడ్ కాన్‌ఫ్లిక్ట్, అంటే చదివిన విలువను మరో లావాదేవీ ముందే మార్చేయడం. మొత్తం చిట్ల సంఖ్య లాంటి ఒకే లెక్కను ఒకే కీలో పెట్టి ప్రతి లావాదేవీ దాన్నే పెంచుతుంటే, ఒక బ్లాకులో మొదటిది నెగ్గి మిగతావన్నీ చెల్లకుండా పోతాయి. ప్రతి లావాదేవీకి వేరే కీ రాసి, మొత్తాన్ని చదివేటప్పుడు కూడుకోవాలి. ఇంకొకటి: నోడ్లకు, వాడకందార్లకు గుర్తింపునిచ్చే ఫ్యాబ్రిక్ సీఏ జారీచేసే సర్టిఫికెట్ల గడువు మార్చకపోతే ఏడాదే. ప్రారంభోత్సవం జరిగిన తేదీకి సరిగ్గా ఏడాది దాటాక నెట్‌వర్క్ మూగబోతే ముందు అక్కడే చూడాలి.

కనుక ఈసారి పట్టిక వేసేటప్పుడు మా మనవి. సెకనుకు లావాదేవీలు అన్నచోట ఓట్లు, విఫలమైనవి తీసేసిన 30 రోజుల సగటు వేయండి, పక్కన ఫైనాలిటీ సమయం ఇవ్వండి. నోడ్ల సంఖ్య తీసేసి యజమాని, హోస్టింగ్, క్లయింట్ వారీగా మూడు గుణకాలు ఇవ్వండి. డెవలపర్ల గడిలో పూర్తికాలం పనిచేసేవారినే లెక్కించండి, ఒక్కరినే పలు గొలుసుల్లో లెక్కించారా లేదా రాయండి. ప్రతి అంకె కింద కొలిచిన తేదీ ఉండాలి. పై లెక్కల్లో గ్యాస్ పరిమితి, బ్లాబ్ లక్ష్యం ఆరు నెలల్లోనే మారేవి.

ఇట్లు,
బ్లాక్‌చైన్ నెట్‌వర్క్‌ల నిర్వహణలో పనిచేస్తున్న కొందరు ఇంజినీర్లు,
హైదరాబాద్